జగ్గారావు తిరగేసి కట్టిన పందిరి

మా నాన్న జగ్గారావుకి గొప్పలు చెప్పుకోవడం ఇష్టం. ఇది నేను వేసే నింద కాదు. ఆయన్ని అడిగినా అదే చెబుతాడు. బరంపురంలో దసరాకో, ఠాకురాణి జాతరకో తాను కట్టిన పందిరి ముందు లుంగీ ఎగ్గట్టి నిలబడి, దారినపోయేవాళ్ళని ఆపి మరీ, "ఇలాటిది ఇంకోడు కట్టగలడేటి?" అని అడుగుతాడు. కట్టలేడు అని వాళ్ళు అనేదాకా వదలడు. చిన్నప్పుడు నాకు సిగ్గేసేది. ఇప్పుడు నాకే ఆ జబ్బు అంటుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పుట్టింది పాత్రపూర్ దగ్గర ఒక పల్లెలో, సెంటు భూమి లేని ఇంట్లో. మీసాలు రాకముందే వెదురు బొంగుల లారీ ఎక్కి బరంపురం వచ్చి, ఆ బొంగులు దించిన చోటే ఉండిపోయాడు. అక్కడ ఒక ఒడియా మిస్త్రి బట్టతో దేవాలయం కడుతున్నాడు. వెదురు, పురికొస, బట్ట, గుండుసూదులు, అంతే. మేకు లేదు, జిగురు లేదు. బట్టని కుచ్చు పట్టి, మడత మీద మడత వేసి, సూది గుచ్చితే స్తంభం లేచేది, తోరణం వంగేది. మా నాన్న ఆ మిస్త్రిని ఇక వదల్లేదు. ఆయన పోయాక ఆ పనంతా మా నాన్న చేతికొచ్చింది. బరంపురంలోనే గోసాని నువాగాంలో ఇల్లు, అమ్మతో పెళ్ళి, నేను, నా చదువు, నా టైలరింగ్ షాపు, అన్నీ ఆ సూదుల మీదే నిలబడ్డాయి.

పని చేస్తున్నప్పుడు మా నాన్న నోటినిండా గుండుసూదులే. పెదాల మధ్య వరసగా పెట్టుకుని ముక్కుతో మాట్లాడతాడు. కోపం వస్తే ముందు ఆ సూదులన్నీ ఒక్కొక్కటే తీసి చొక్కాకి గుచ్చుకుని, అప్పుడు తిడతాడు. ఈలోగా తిట్టించుకోవాల్సినవాడు వెళ్ళిపోతాడు. మా ఇంట్లో గొడవలు తక్కువ జరగడానికి కారణం అదేనని అమ్మ అంటుంది.

ఆయన పనికి ఒకటే సూత్రం. కమిటీవాళ్ళు ఒక ఫొటో ఇస్తారు. ఆ ఫొటోని బొంగుకి కట్టి దానివైపు చూస్తూ కడతాడు. గుడి అయినా, రాజమహల్ అయినా, ఉన్నది ఉన్నట్టు దించాలి. "సొంత తెలివి సూపించడానికి మనం దేవుడిమి కాము" అంటాడు. మిగతా అన్ని విషయాల్లోనూ ఆయన తానే దేవుణ్ణనుకుంటాడు గాని, ఈ ఒక్కదాంట్లో మాత్రం అంత వినయం.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. రాత్రి ఆర్డరిస్తే పొద్దున్నకి గోడంత బొమ్మ అచ్చై వస్తుంటే, నెల్లాళ్ళు కూర్చుని బట్టకి కుచ్చులు పెట్టేవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఒక్కో కమిటీ జారిపోయింది. నిరుడు దసరాకి మా నాన్న చేతిలో ఒకే ఒక్క పందిరి ఉంది. పైకి మాత్రం, "మంచిదే, నడుం నెప్పి తగ్గింది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజుల్లోనే, మా నాన్న బట్టకి కుచ్చులు పెడుతుండగా, ఒక పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. గంజాం వైపు సముద్రపు ఒడ్డున ఒక బెస్తపల్లెలో, మన తెలుగువాళ్ళదే, ఆయనది చిన్న క్రైస్తవ సంఘం. ఓడలొచ్చే కాలంలో అక్కడ తెల్లదొరలు ఒక చర్చి కట్టుకున్నారు. ఓడలు ఆగి దొరలు వెళ్ళిపోయాక పల్లెవాళ్ళు అందులో ఆరాధన చేసుకునేవాళ్ళు. ఎప్పుడో తాతల నాడు ఒక తుఫానుకి అది కూలిపోయింది. ఇప్పుడు మొండి గోడలు, ఇసక మిగిలాయి. సంఘం రేకుల షెడ్డులో నడుస్తోంది. క్రిస్మస్‌కి ముందు ఆదివారం, ఒక్క పూట, పాత చర్చి లోపల కూర్చున్నట్టుగా ఆరాధన చేసుకోవాలని వాళ్ళ కోరిక. ఆ చర్చి లోపల చూసినవాళ్ళెవరూ బతికి లేరు. మిగిలింది ఒక బొమ్మ.

పాస్టరుగారు దుప్పటిలో చుట్టి తెచ్చిన, అద్దం కట్టిన పటాన్ని విప్పారు. లితోగ్రాఫ్ అంటారట. రాతి మీద గీసి, ఆ రాతి నుంచి కాగితానికి అచ్చు ఎక్కించే పాత పద్ధతి. కాగితం అంచులు పురుగు కొట్టేసింది గాని, నడిమి బొమ్మ నిక్షేపంగా ఉంది. రంగులు లేవు, అంతా బూడిద రంగే. ఎత్తయిన తోరణాలు, రెండు వరసల స్తంభాలు, వేలాడే దీపాలు, చివర బలిపీఠం, దానిమీద పెద్ద కిటికీలోంచి పడుతున్న వెలుగు. టోపీలు ఒళ్ళో పెట్టుకుని బల్లల మీద కూర్చున్న దొరలు, దొరసానులు. మా నాన్న ఆ బొమ్మ మీదకి వంగి చాలాసేపు లేవలేదు.

పాస్టరుగారి వెంట సంఘం సెక్రటరీ ధనరాజు కూడా వచ్చాడు. బరంపురం బస్టాండు దగ్గర అతనిది ఫ్లెక్సు షాపు. మంచివాడే గాని, నాలుక కాస్త పొడవు.

"జగ్గారావు బాబాయ్, నాను ముందే సెప్పినాను పాస్టరుగారికి. ఈ బొమ్మని స్కాన్ కొట్టి, షెడ్డులో బలిపీఠం ఎనకాల ఇరవై అడుగుల ఫ్లెక్సు కట్టేస్తే అయిపోద్ది. బట్టతో ఈ నీడలూ, ఈ వెలుగూ ఎక్కడ వస్తాయి? గుడి గోపురం కాదు గదా ఇది" అన్నాడు.

మా నాన్న నోట్లోంచి సూదులు తీయడం మొదలుపెట్టాడు. ధనరాజు ఆ సంగతి తెలియక అక్కడే కూర్చున్నాడు.

"నీ ఫ్లెక్సు ముందర నిలబడతారురా. నాను లోపల కూసోబెడతాను. ఆ బొమ్మ పక్కనెట్టుకుని సూడు. ఎంట్రుకవాసి తేడా ఉంటే మళ్ళీ ఈ సేత్తో బొంగు ముట్టను."

"ముట్టవా?"

"ముట్టను. మా తల్లిమీదొట్టు."

వంటింట్లో అమ్మ తల బాదుకోవడం నాకు వినబడింది. ధనరాజు చేయి చాపాడు, మా నాన్న ఆ చేతిలో చేయి కొట్టాడు. అలా ఆయన జీవితమంతా ఒక పాత కాగితానికి కట్టుబడిపోయింది.

పని మొదలెట్టాక గాని తెలియలేదు అసలు చిక్కు. మా నాన్న ఇంతకాలం కట్టినవన్నీ బయటి నుంచి చూసేవి. నున్నటి బట్ట వీధివైపు, బొంగులూ ముళ్ళూ లోపలివైపు. ఈ బొమ్మలో బయట అనేదే లేదు. చర్చి బయటికి ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. కాబట్టి పందిరిని చొక్కా తిరగేసినట్టు తిరగేశాడు. కుచ్చులన్నీ లోపలికి, బొంగులన్నీ వీధికి. షెడ్డు పక్క ఇసక మీద ఆ అస్థిపంజరం లేస్తుంటే పల్లె ఆడవాళ్ళు బుట్టలు దించి నవ్వేవాళ్ళు. "ఓలమ్మో, ముసలాయన బట్ట కట్టడం మర్సిపోనాడే" అనేవాళ్ళు. ఆ నవ్వు బరంపురం దాకా వచ్చింది. కట్టిన పందిరి ముందు నిలబడి జనాన్ని పిలిచే మనిషి, పని పూర్తయ్యేదాకా ఎవరూ లోపలికి రాకూడదని గుమ్మానికి గోనెపట్టా కట్టి నోరు మూసుకున్నాడు. ఆయనకి అది ఎంత కష్టమో నాకు తెలుసు.

రెండో చిక్కు నీడలు. తెల్లబట్ట వెలుగుకి సరే, ఆ బూడిద రంగులు ఎలా? రంగు వేసిన బట్ట తెచ్చి చూశాం. మసి గుడ్డలు వేలాడదీసినట్టుంది. రెండ్రోజులు మా నాన్న అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు ఒడ్డున ఆరేసిన వలల పక్కన నడుస్తూ ఆగిపోయాడు. నల్ల నైలాన్ వల, దాని వెనక ఎవరిదో తెల్లపంచె. దూరం నుంచి చూస్తే ఆ పంచె బూడిద రంగుగా ఉంది. "అమ్మీ, ఇలా రాయే!" అని కేక వేశాడు. చినిగిపోయిన వలలు పల్లెంతా తిరిగి అడిగి తెచ్చాం. తెల్లబట్ట మీద ఒక పొర వల పరిస్తే లేత నీడ, ఇంకో పొర వేస్తే సాయంత్రపు చీకటి, స్తంభాల వెనక మూలల్లో ఎన్నో పొరలు. రాతి అచ్చులో ఉన్న ఆ గరుకు కూడా వచ్చేసింది. కుట్టిందంతా నేనే. ఎన్ని నీళ్ళు పోసి ఉతికినా చేపల వాసన మాత్రం పోలేదు.

పని ముగింపుకి వచ్చేసరికి పటం ఒక పక్క, పందిరి ఒక పక్క పెట్టి చూస్తే నాకే భయం వేసింది. దీపాలు అవే, తోరణాలు అవే. షెడ్డులోని బల్లలకి బట్ట చుట్టి తెచ్చి వేశాం. బల్లల వెనక, గుమ్మానికి ఇవతల, బొమ్మలో అడ్డంగా ఒక కర్ర కంచె ఉంది, నడుమెత్తున. అది కూడా దించాడు మా నాన్న, ఒక్కో కర్రా లెక్క తప్పకుండా. ధనరాజు వచ్చి పటం పట్టుకుని చుట్టూ తిరిగి, ఏమీ దొరక్క, తల గోక్కుని వెళ్ళాడు. పందెం గెలిచినట్టే. నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను కూడా.

ఆ మర్నాడు కాసులమ్మగారు వచ్చింది. సంఘంలో అందరికన్నా పెద్దావిడ, ఎనభై దాటింది. మొన్నమొన్నటిదాకా నెత్తిన బుట్టతో చేపలమ్మిన మనిషి. గోనెపట్టా ఎత్తి, ఎవరినీ అడక్కుండా లోపలికి వచ్చేసింది. ఆవిణ్ణి ఆపే ధైర్యం మా నాన్నకి కూడా లేకపోయింది. గట్టిగా గాలి పీల్చింది.

"సేపల వాసనొస్తంది."

"వలలు మామ్మా. ఎంత ఉతికినా..." అన్నాను.

"ఉండనీయే. ఈ వాసనొస్తేనే మా సర్చి అని నమ్ముతాను" అని నవ్వి, పటం అడిగింది. నేను దగ్గరగా పట్టుకున్నాను. బల్లల మీద దొరసానుల గౌన్లు చూసింది. తర్వాత వేలు కిందికి జరిపి కంచె వెనక ఆపింది. అక్కడ, గుమ్మం దగ్గర నేల మీద, కొందరు కూర్చుని ఉన్నారు. నెత్తిన ముసుగు, వంచిన తలలు. గీసినాయన వాళ్ళకి మొహాలు పెట్టలేదు. ఇన్ని రోజులు ఆ పటం ముందు పెట్టుకుని కుట్టిన నేను వాళ్ళని చూసి కూడా చూడలేదు. అక్కడేవో గీతలున్నాయనుకున్నాను.

"ఈలు ఎవులే?"

"మీవాళ్ళే అయ్యుంటారు మామ్మా" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఆవిడ పటం మీంచి వేలు తీసేసింది. నెమ్మదిగా నడిచి వెళ్ళి, బొమ్మలో వాళ్ళున్న చోటే, కంచె వెనక నేల మీద కూర్చుంది. కొంతసేపు ముందుకి చూసింది. "బాబూ జగ్గారావూ, ఇలా కూసో" అంది. మా నాన్న వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. నేనూ వెళ్ళి కూర్చున్నాను.

అక్కడ కూర్చుంటే బలిపీఠం కనబడదు. కళ్ళెదురుగా ఒత్తుగా కంచె కర్రలు, వాటి సందుల్లోంచి బల్లల నడిమి దారి ముక్కలు ముక్కలుగా, అంతే. మా నాన్న ప్రాణం పెట్టి దించిన కిటికీ, దాని వెలుగు, ఏదీ లేదు.

"మా ముత్తవ్వ ఇక్కడ కూసునుంటాది. మా వలలేసేటోళ్ళే మోసుకొచ్చి ఉంటారు ఈ సర్చి రాళ్ళు" అంది కాసులమ్మగారు. కోపంగా కాదు, మామూలుగానే అంది. లేచి మా నాన్న భుజం తట్టింది. "బాగా కట్టినావు బాబూ. ఉన్నది ఉన్నట్టు కట్టినావు."

ఆయన జీవితమంతా వినాలని కోరుకున్న మాట అది. అది వింటూనే ఆయన మొహం మాడిపోయింది.

పందిరి కట్టేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. దసరాకి తెర తీసే ముందు కట్టినవాడు వెళ్ళి జనంలో అన్నిటికన్నా వెనక, అన్నిటికన్నా మూల కూర్చుని చూడాలి. అక్కడికి అమ్మవారి మొహం కనబడకపోతే స్తంభమైనా పీకేయాల్సిందే. ఆ మిస్త్రి నేర్పిన మొదటి పాఠం అదేనట. ఇది చర్చి గదా, బొమ్మ ఉంది గదా అని మా నాన్న ఈసారి అలా కూర్చోలేదు.

ఆ సాయంత్రం ఆయన కంచె దగ్గరే తచ్చాడాడు. ఏమి ఆలోచిస్తున్నాడో నాకు తెలిసిపోయింది.

"నాన్నా, దాన్ని ముట్టుకోకు" అన్నాను. "ధనరాజు ఆదివారం పటం గుమ్మం దగ్గరే పెడతానన్నాడు. ఊరంతా చూస్తుంది. నువ్వు ఒట్టేశావు, గుర్తుందా? ఇప్పుడిప్పుడే నలుగురూ మళ్ళీ నీ పేరు ఎత్తుతున్నారు."

"నాకు తెలీదేటి?"

"మరి? ఆ కంచె నువ్వు కనిపెట్టావా? బొమ్మలో ఉంది, కట్టావు. ఆవిడ కూడా తీయమనలేదు."

"తీయమంటే బాగుండును" అన్నాడు. కొంచెం ఆగి, "పందిరంటే సూడ్డానికొచ్చినోడికి కనబడాలి. నా పందిట్లో కూసుని ఒకలికి ఏటీ కనబడకపోతే అది పందిరి కాదు, తడిక" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో, చేతికొచ్చిన పేరుని ఎవరైనా ఇలా పారేసుకుంటారా? చెడామడా తిట్టాను. ఆయన నోట్లో ఆ వేళ ఒక్క సూది కూడా లేదు, అయినా తిరిగి తిట్టకుండా కంచె ముడి ఒకటి తడుముతూ కూర్చున్నాడు. పొద్దున్న నేను వెళ్ళేసరికి కంచె లేదు. పురికొస ముళ్ళు విప్పి, కర్రలన్నీ కట్ట కట్టి బయట పెట్టాడు. కంచె ఉన్న చోట ఇసక చదును చేస్తున్నాడు.

ఆదివారం జనం వచ్చారు. నవ్విన ఆడవాళ్ళూ వచ్చారు, బరంపురం నుంచి కమిటీలవాళ్ళూ వచ్చారు. బయట ఆ బొంగుల గుట్టని చూస్తూ, ఏదో మాట్లాడుకుంటూ గుమ్మం దాటినవాళ్ళు దాటినట్టే నోరు మూశారు. పైన తోరణాలు, స్తంభాల వెనక నీడలు, ఎదురుగా ఆ వెలుగు. గాలికి వలలు కదిలితే నీడలూ కదిలాయి. ఒక పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయాడు. మా నాన్న గుమ్మం పక్కన ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు గాని, ఎవరినీ ఏమీ అడగలేదు.

ధనరాజు పటం పట్టుకుని లోపలంతా తిరిగాడు. వెనక్కి వచ్చి ఆగాడు. పటం చూశాడు, నేల చూశాడు. అతని మొహంలో సంతోషం కన్నా కంగారే ఎక్కువ కనబడింది నాకు.

"బాబాయ్, ఇక్కడ కంచె ఉండాల."

మాట మెల్లగానే అన్నాడు గాని, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. మా నాన్న గుమ్మం దగ్గర్నుంచి నడిచి మధ్యకి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఉండాల. కట్టినాను, నానే తీసేసినాను. తేడా ఉంది. మాటంటే మాటే. ఇంక బొంగు ముట్టను."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాస్టరుగారు ఏదో అనబోయారు. అంతలో ముందు వరసలోంచి కాసులమ్మగారి గొంతు వచ్చింది. దొరసాని కూర్చున్న చోట, మొదటి బల్ల మీద, రెండు కాళ్ళూ పైకి మడుచుకుని కూర్చుంది ఆవిడ.

"ఓరి దనరాజూ, ఆ పటం ఇలా తే."

తెచ్చాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో అద్దం తుడిచింది.

"ఇందులో నానెక్కడున్నానో సూపించు."

ధనరాజు వంగి చూశాడు, పాపం నిజంగానే వెతికాడు. "నువ్వు నేవు మామ్మా."

"మొదటి బల్ల మీద కూసున్నాను గదరా. సరిగా సూడు."

"ఆ బల్ల మీద దొరసాని ఉంది మామ్మా."

"మరైతే జగ్గారావుది తేడా అంటావేటి?" అంది కాసులమ్మగారు. "నాను కూసున్న సోట నన్ను ఉన్నదున్నట్టు కూసోబెట్టినోడు ఆడు. తప్పు గీసింది ఈ బొమ్మ గీసినోడు."

 ధనరాజు ఆ పటం అందుకుని, కాసేపు చూసి, చంకలో పెట్టుకున్నాడు. "ఓడిపోనాను బాబాయ్" అని మా నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. "వచ్చే దసరాకి మా వీధి పందిరి నువ్వే కట్టాల. ఫ్లెక్సు ఒద్దు." బరంపురం నుంచి వచ్చిన ఒక ఒడియా కమిటీ పెద్ద వెనక నుంచి, అన్నా అని వాళ్ళ భాషలో పిలుస్తూ, "జగ్గా భాయినా, ముందు మాకు!" అని అరిచాడు. అంతా నవ్వారు. నా తండ్రి గొప్పవాడని నాకు ఎప్పుడూ తెలుసు. కాని ఎందుకు గొప్పవాడో ఆ రోజే తెలిసింది. పక్కనున్నావిణ్ణి ఆపి మరీ, "కట్టింది మా నాన్నే" అని చెప్పాను.

పాట మొదలైంది. బల్లలు చాలలేదు. పడుచువాళ్ళు గోడల వెంట, వలల నీడలో నిలబడ్డారు. గుమ్మం దగ్గర ఆ నేల మీద మాత్రం ఒక్కరు కూడా కూర్చోలేదు. మా నాన్న ఒక్కడే వెళ్ళి అక్కడ మఠం వేసుకుని కూర్చుని, మెడ ఇటూ అటూ వంచి చూశాడు.

నేను పక్కన కూర్చుని, "బలిపీఠం కనబడుతోందా?" అని అడిగాను.

"నువ్వే సూడు" అని కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.